తాత నోటు పుస్తకంలో "సొమ్ములు 6" అని ఉంది, పాత పశువుల మాటలు తెలిసినవాళ్ళు కాస్త చూడండి

గజపతినగరం కుర్రాడు (శనివారం, రాత్రి 10:40)

అందరికీ నమస్తే. ఇది సగం భాష గొడవ, సగం మా ఇంటి గొడవ. పోయిన నెల పాత పెంకుటిల్లు విప్పించినప్పుడు అటక మీద తాత నోటు పుస్తకం దొరికింది. చాలావరకు ధాన్యం లెక్కలే. మధ్యలో ఒక పేజీలో ఇలా రాసుంది, అక్షరం మార్చకుండా పెడుతున్నాను:

"సొమ్ములు 6. పెద్దోడికి 3, నాకు 3. నా వాటాలో ఒకటి వట్టిది, ఒకటి ఎగచేపు, ఒకటి నాలుగు పళ్ళది."

దాని కింద ఇంకో మూడు వాక్యాలు: "చిటుకు వచ్చి 11 పోయినాయి." "ముసర సూదులు వేసినారు." "బందె 8 అణాలు."

సొమ్ములంటే నగలే కదా అని మా అత్త పట్టు పట్టింది. ఆరు నగలు పంచుకున్నారట, వాటిలో ఒకటి బోలుదట ("వట్టిది" అంటే లోపల లక్క కూడా లేదని ఆవిడ భాష్యం), మరి తాత వాటా మూడూ ఏమయ్యాయని ఇప్పుడు ప్రశ్న. ఆ ఇంట్లో ముప్ఫయ్యేళ్ళు కాపురం చేసింది మా అమ్మ కాబట్టి అనుమానం ఎటు తిరిగిందో నేను చెప్పక్కర్లేదు. నాలుగు పళ్ళదంటే జడలో పెట్టుకునే బంగారు దువ్వెన అని మా అన్నయ్య తేల్చాడు. నాకేమో ఇవి నగలు కావేమో అని డౌటు. ఇంట్లో టెన్షన్ మామూలుగా లేదు, త్వరగా చెప్పండి.

పాత స్టెతస్కోపు (శనివారం, రాత్రి 11:15)

బాబూ, ముందు మీ అమ్మగారిని నిశ్చింతగా పడుకోమను. అవి నగలు కావు, పశువులు. నేను ముప్ఫయి నాలుగేళ్ళు పశువైద్యం చేశాను, అందులో తొమ్మిదేళ్ళు మీ వైపే. అక్కడ పెద్దవాళ్ళు "సొమ్ములు తోలుకెళ్ళాడు" అంటే బంగారం ఎత్తుకుపోయాడని కాదు, ఆవుల్నీ ఎడ్లనీ మేతకు తీసుకెళ్ళాడని. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకాయన వచ్చి "సొమ్ముకి ఒంట్లో బాగోలేదు" అంటే నేను కూడా ఒక నిమిషం తెల్లమొహం వేశాను.

వట్టిది అంటే పాలు ఆపేసిన ఆవు. వట్టిపోయింది అంటాం. బోలు నగ కాదు.

నాలుగు పళ్ళది అంటే వయసు. పశువుకి పైన ముందు పళ్ళుండవు, కింద ఎనిమిదే. రెండేళ్ళు దాటాక మధ్యలో ఉన్న పాలపళ్ళు రెండూ ఊడి పెద్ద పళ్ళు వస్తాయి, అది రెండు పళ్ళది. తరువాత జత జతగా పెరుగుతూ పోతాయి. నాలుగు పళ్ళంటే మూడేళ్ళు, కాస్త పైన. పుట్టినరోజు రాసిపెట్టుకునే అలవాటు లేని చోట సంతలో వయసు చెప్పేది నోరే. ఇప్పటికీ బేరగాడు ముందు మూతి పట్టుకుంటాడు, తరువాతే ధర అడుగుతాడు.

అన్నయ్యకి_దువ్వెన (శనివారం, రాత్రి 11:22)

బంగారు దువ్వెన 😂😂 ఈ ఒక్క మాట కోసమే ఐడీ మార్చుకున్నాను.

పదాల పిచ్చి (ఆదివారం, ఉదయం 6:50)

ఈ సొమ్ము సంగతి మీ ఒక్క ఇంటి గొడవ కాదు, లోకంలో సగం భాషలది ఇదే గొడవ. పశువే ఆస్తి అయిన రోజుల్లో రెండింటికీ ఒకే మాట సరిపోయింది. పాత తమిళంలో మాడు అంటే సంపద, ఇప్పుడు పశువు. లాటిన్‌లో పెకుస్ అంటే మంద, దాన్నుంచి డబ్బుకు పెకూనియా అన్న మాట పుట్టింది. ఆ పెకుస్, మన సంస్కృత పశు ఒకే మూలం నుంచి వచ్చిన అన్నదమ్ములు. ఇంగ్లీషు కేటిల్ ఎదురుదారిలో వచ్చింది. అసలు అర్థం ఆస్తి (కేపిటల్‌కి దగ్గర చుట్టం), పోనుపోను పశువుల దగ్గర ఆగిపోయింది. అంటే కేటిల్ అనే మాట నడిచిన దారీ మన సొమ్ములు నడిచిన దారీ ఒకటే, ఎవరి దగ్గరా ఎవరూ అరువు తెచ్చుకోకుండా.

కాబట్టి మీ అత్తగారు పూర్తిగా తప్పని అనలేం. ఆవిడ మాట అర్థాన్ని బీరువాలో వెతికింది, మీ తాత దొడ్లో కట్టేశాడు.

ఎనుముల సీమ (ఆదివారం, ఉదయం 8:05)

మాది అనంతపురం. మా దిక్కు జీవాలు అంటే గొర్రెలూ మేకలే. ఆవుని జీవం అనరు. ఊళ్ళో "వానికి రెండొందల జీవాలుండాయి" అంటే ఇంక పిల్లనివ్వచ్చని అర్థం. అట్లే గేదె అనే మాట నేను గుంటూరులో హాస్టల్లో ఉన్నప్పుడే విన్నా, మాకు అది ఎనుము. నా రూమ్మేటు వరంగల్లోడు, వానికేమో బర్రె. ముగ్గురం ఒకే పాలు తాగి మూడు పేర్లు పెట్టుకున్నాం.

పై పోస్టులో చిటుకు గురించి ఎవరూ చెప్పలేదే? పదకొండు పోయినాయంటే అవి ఆవులు కావు, గొర్రెలే అయ్యుంటాయి. తొలకరికి లేత గడ్డి మొలుస్తుంది చూడండి, ఆకలి మీదుండే గొర్రె అది కడుపునిండా మేసి పొద్దున లేచేసరికి చచ్చి పడుంటుంది. రాత్రి బాగుండింది, చిటుక్కున పోయింది. అందుకే చిటుకు రోగం. అదీ బక్కవి పోవు, మందలో మంచి పుష్టిగా ఉండేవే పోతాయి. మా నాయన దాన్ని దిష్టి అనేవాడు, నేనూ చాలా రోజులు అట్లే అనుకున్నా.

పాత స్టెతస్కోపు (ఆదివారం, ఉదయం 9:30)

సీమ గారు చెప్పింది అక్షరాలా నిజం. పుస్తకంలో ఎంటరోటాక్సీమియా. పేగుల్లో మామూలుగా ఉండే క్లాస్ట్రీడియం అనే సూక్ష్మజీవి, ఒక్కసారిగా మేత ఎక్కువైతే విపరీతంగా పెరిగి విషం విడుస్తుంది. బాగా తినే గొర్రెకే ఎక్కువ మేత అందుతుంది, కనుక అదే ముందు పోతుంది. దిష్టి అనిపించడంలో ఆశ్చర్యం లేదు. వానలకు ముందే టీకా వేయించుకుంటే చాలావరకు దిష్టి తగలదు.

ఈ పాత పేర్లంటే నాకు మొదటినుంచీ గౌరవం. కాలేజీలో మాకు లాటిన్ పేర్లు బట్టీ పట్టించారు. కానీ రైతు ఫోన్ చేసి "గురక పెడుతోంది సార్" అనగానే రోగం సగం తెలిసిపోయేది. గురక వ్యాధి అన్నా గొంతువాపు అన్నా ఒకటే. గొంతు కింద వాచి, గాలి ఆడక ఆ శబ్దం వస్తుంది. అదీ వానాకాలపు రోగమే. ఇంకోటి జబ్బవాపు. కొత్తగా చేరిన ఒక అబ్బాయి దాన్ని రిపోర్టులో "జబ్బు వాపు" అని రాశాడు. జబ్బు కాదయ్యా, జబ్బ! జబ్బలు చరుచుకోవడం అంటాం చూడు, ఆ జబ్బ. భుజం దగ్గరో తొడ దగ్గరో కండ వాచి, చేత్తో నొక్కితే లోపల చిటపటమంటుంది. పేరు పెట్టినవాడు చేత్తో తడిమి పెట్టాడు. మైక్రోస్కోపులో చూసి కాదు.

కరీంనగర్ పిల్ల (ఆదివారం, మధ్యాహ్నం 12:10)

సార్, గాలికుంటు (ఫుట్ అండ్ మౌత్ రోగం) గురించి ఒక డౌట్. నేను వెటర్నరీ మూడో సంవత్సరం. మా సార్ క్లాసులో ఏమన్నరంటే ఆ వైరస్ గాలిలో పోతది కాబట్టి గాలి, కాలిగిట్టల్లో పుండ్లు పడి కుంటుతది కాబట్టి కుంటు, మన పెద్దలు సైన్సు తెలిసి పెట్టిన్రు అని. మా నానమ్మ మాత్రం గాలి అంటే గా గాలి కాదు బిడ్డా అంటది. ఎవరిది కరెక్టు?

పదాల పిచ్చి (ఆదివారం, మధ్యాహ్నం 1:00)

నా ఓటు నానమ్మకే. మన పల్లెల్లో గాలి సోకడం అంటే అర్థం వేరే. పిల్లాడికి ఉన్నట్టుండి జ్వరమొస్తే "గాలి సోకింది" అని దిష్టి తీసేవాళ్ళు, దయ్యాన్ని కూడా గాలి అనే అనేవాళ్ళు. కనపడకుండా వచ్చి తగిలేది ఏదైనా గాలే. ఊళ్ళో ఒకేసారి పశువులన్నీ చొంగ కారుస్తూ కుంటుతుంటే గాలి అనక ఏమంటారు. వైరస్ తెలిసి పెట్టారనడం, క్షమించాలి, మన వాట్సాప్ గ్రూపుల పద్ధతి.

పాత స్టెతస్కోపు (ఆదివారం, మధ్యాహ్నం 2:20)

పిచ్చి గారూ, అంత తేలిగ్గా కొట్టేయకండి. వైరస్ తెలియదు, నిజమే. కానీ పశువుని పశువు ముట్టుకోకపోయినా, పక్క ఊరి మందతో కలవకపోయినా ఇది వస్తోందని వాళ్ళు చూశారు కదా. ఆ చూపు అబద్ధం కాదు. 1981లో ఫ్రాన్స్‌లోని బ్రిటనీ నుంచి ఈ వైరస్ సముద్రం మీద గాలికి కొట్టుకొచ్చి ఇంగ్లీషు ఛానల్లోని జెర్సీ దీవిలోనూ, ఇంకా అవతల వైట్ దీవిలోనూ పశువులకు సోకింది. మన జెర్సీ ఆవు పుట్టిల్లు ఆ దీవే. దయ్యం అనుకుని పెట్టినా, దారి సరిగ్గానే చూపించారు.

పదాల పిచ్చి (ఆదివారం, మధ్యాహ్నం 2:35)

దారి సరిగ్గా చూపించారనడానికీ సైన్సు తెలిసి పెట్టారనడానికీ తేడా ఉంది సార్, నేనన్నది రెండోదాన్ని. మొదటిది ఒప్పుకుంటున్నాను.

కరీంనగర్ పిల్ల (ఆదివారం, మధ్యాహ్నం 2:50)

సరే, నానమ్మకు చెప్త. ఇంటర్నల్ పరీక్షలో మాత్రం మా సార్ చెప్పిందే రాస్త 🙏

డల్లాస్ గేదె (ఆదివారం, రాత్రి 8:45)

ఇక్కడ నేను టెక్సాస్‌లో కూర్చుని ఇదంతా చదువుతున్నాను, పక్క ఆఫీసులో ఒక బ్రెజిల్ అతను ఉన్నాడు, వాళ్ళ నాన్నకి పశువుల క్షేత్రం ఉందట. ఏ జాతి అంటే "నెలోర్" అన్నాడు. నేను ఎగిరి గంతేసి మా ఒంగోలు గిత్తలే అవి, మీరు పేరు తప్పు పెట్టారు అని గొడవ పెట్టుకున్నాను. ఎవరైనా సపోర్టు ఇవ్వండి, మాది చీమకుర్తి.

ఎనుముల సీమ (ఆదివారం, రాత్రి 9:10)

పేరు తప్పు కాదులే అన్నా. వాళ్ళు తీసుకపోయిన కాలానికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండె. 1904లో గుంటూరు జిల్లాకు మారింది, మీకు సొంత జిల్లా వచ్చింది 1970లో. వాళ్ళు జిల్లా పేరు రాసుకున్నారు, మనం ఊరి పేరు చెప్పుకుంటున్నాం. బ్రెజిల్లో మాంసం పశువుల్లో ఎక్కువ భాగం ఆ రక్తమేనంట. ఇక్కడ మాత్రం ఒంగోలు గిత్త అంటే బండ లాగుడు పోటీలే. అన్నట్టు మా బంధువులు చిత్తూరు దిక్కున జెర్సీని సీమావు అంటారు. సీమ చింత, సీమ వంకాయ లెక్కన. బయటి దేశం నుంచి ఏదొచ్చినా సీమదే. మనమేమో రాయలసీమలో ఉండి సీమావు కొనుక్కోవాల.

గజపతినగరం కుర్రాడు (సోమవారం, ఉదయం 7:30)

అందరికీ దండాలు. అమ్మకి చదివి వినిపిస్తే నిన్న చాలా రోజుల తర్వాత నవ్వింది. అత్త మాత్రం ఒప్పుకోలేదు. "ఎగచేపు సంగతి చెప్పనీ, అప్పుడు చూద్దాం" అంది. ఎగచేపు అనే నగ ఉండేదని ఆవిడకి ఎవరో చెప్పారట. 🤦

పాత స్టెతస్కోపు (సోమవారం, ఉదయం 9:00)

చేపడం అంటే పొదుగులోకి పాలు దిగడం. దూడని విడిచి రెండు నిమిషాలు కుడవనిస్తే ఆవు చేపుతుంది, అప్పుడు దూడని పక్కకి కట్టి పిండుకుంటారు. ఈ మాట మనుషులకీ ఉంది, బిడ్డ ఏడుపు వింటే తల్లికి పాలు చేపుకొస్తాయి. కొన్ని ఆవులు కొత్త మనిషి కూర్చున్నా, బెదిరినా, దూడ కనపడకపోయినా పాలు పైకి పట్టేస్తాయి. ఎంత పిండినా చుక్క రాదు. అదే ఎగచేపు. ఎగ అంటే పైకి, ఎగబాకడంలో ఉన్న ఎగ. మీ తాత వాటాలో ఒకటి పాలే ఇవ్వని ఆవు, ఒకటి ఇచ్చినట్టే ఇచ్చి దాచుకునే ఆవు. పెద్దాయన తమ్ముణ్ణి కాస్త ముంచినట్టే ఉన్నాడు!

ఇప్పటి పుస్తకం ప్రకారం, దూడ ముట్టుకున్నప్పుడు ఆవు మెదడు నుంచి ఆక్సిటోసిన్ విడుదలై పాలు దిగుతాయి, బెదిరితే ఇంకో హార్మోను వచ్చి దాన్ని అడ్డుకుంటుంది. దూడ చచ్చిపోతే పాలు ఎగచేపకుండా దాని తోలులో గడ్డి కూరి ఆవు ముందు నిలబెట్టేవాళ్ళు. తల్లి దాన్ని నాకుతూ చేపేది. నేను ఉద్యోగంలో ఉండగా రెండు మూడు చోట్ల చూశాను. పాలు పితుకుతున్నంతసేపు నాకు అటు చూడబుద్ధయ్యేది కాదు.

అన్నయ్యకి_దువ్వెన (సోమవారం, ఉదయం 9:20)

మా మేనేజరు ఇంక్రిమెంట్ విషయంలో చేసేది ఎగచేపుడే. ఇన్నాళ్ళూ పేరు తెలియక ఇబ్బంది పడ్డాను.

కరీంనగర్ పిల్ల (సోమవారం, ఉదయం 11:40)

మా సిలబస్ మాటలు కూడా ఇట్ల ఉంటే ఎంత బాగుండు. మొన్న పేపర్లో "ముద్ద చర్మ వ్యాధి" అని చదివి అదేందో అర్థం కాలే, కింద లంపీ స్కిన్ అని చూసినంక తెలిసింది. 2022లో దేశమంతా పాకింది కదా, మా ఊళ్ళె రైతులు నేరుగా లంపీ అనే అన్నరు. ముద్ద అంటే అన్నం ముద్దే గుర్తొస్తది.

పదాల పిచ్చి (సోమవారం, మధ్యాహ్నం 12:30)

మాటకి మాట పెట్టి దించిన పేర్లతో వచ్చే చిక్కే అది. పాలజ్వరం తీసుకోండి. ఇంగ్లీషులో మిల్క్ ఫీవర్, మనం దాన్ని దింపుకున్నాం. పశువుల డాక్టరు గారు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను, అందులో జ్వరం ఉంటుందా?

పాత స్టెతస్కోపు (సోమవారం, మధ్యాహ్నం 1:15)

ఉండదు! ఉండదు కాక ఉండదు! నా సర్వీసంతా ఈ పేరుతో కొట్టుకున్నాను. ఈనిన రెండు మూడు రోజుల్లో పాలలోకి కాల్షియం పోయి ఆవు కూలబడుతుంది, మెడ పక్కకి తిప్పి పొట్ట మీద పెట్టుకుంటుంది. చెవులు చల్లగా ఉంటాయి, ఒంటి వేడి తగ్గుతుంది. రైతు మాత్రం "జ్వరం కదా సార్" అని తడిగుడ్డ కప్పేవాడు. ఉన్న వేడి కూడా పోయేది. తప్పు రైతుది కాదు, పేరుది. నరానికి కాల్షియం ఎక్కిస్తుంటే చూస్తుండగానే లేచి నిలబడుతుంది, ఊళ్ళో మనం దేవుళ్ళం. కాల్షియం సంగతి తెలియని రోజుల్లో, అంటే దాదాపు నూట ఇరవయ్యేళ్ళ కిందట, పొదుగులోకి పంపుతో గాలి కొట్టేవాళ్ళు. పాలు ఊరడం ఆగి కాల్షియం ఒంట్లోనే ఉండిపోయి చాలా ఆవులు బతికేవి. ఎందుకు బతికాయో కొట్టినవాళ్ళకీ తెలియదు.

కోళ్ళదీ ఇంకో కథ. కొక్కెర తెగులు అని చక్కటి పేరు ఉండగా పుస్తకాల్లో రాణీఖేత్ అని రాస్తారు. కుమావూ కొండల్లో ఊరు అది, పాపం. 1920ల చివర అక్కడ రోగం కనిపించిందని ఆ ఊరి పేరు తగిలించారు. దానికి కాస్త ముందే ఇంగ్లండులో న్యూకాజిల్ దగ్గర కనిపించింది కనుక మిగతా లోకమంతా న్యూకాజిల్ అంటుంది. ఒక కోడి జబ్బుకి రెండు ఊళ్ళు బలి.

ఎనుముల సీమ (సోమవారం, మధ్యాహ్నం 3:00)

అచ్చోసిన ఆంబోతు అని తిడతారు గదా, అదీ ఇక్కడిదే. దేవుని పేరు మీదనో, చచ్చిపోయిన పెద్దల పేరు మీదనో కోడెను వదిలేటప్పుడు తొడ మీద త్రిశూలమో చక్రమో కాల్చి అచ్చు వేస్తారు. ఇంక అది ఎవరి చేలో పడి మేసినా కొట్టకూడదు. మా ఊరి ఆంబోతు మా శనక్కాయ చేలోకే ఎందుకొచ్చేదో దానికే తెలియాల. ఆ + పోతు, ఆవుకి మగది. మేకపోతు, దున్నపోతు ఎట్లనో అట్ల.

అచ్చు లేని పశువు చేలో పడితే బందెలదొడ్డికే. కుర్రాడి తాత కట్టిన ఎనిమిదణాలు అదే. ఆవు ఎవరి చేలోనో దూరింది, తోలకపోయి దొడ్లో పెట్టినారు, బందె కట్టి విడిపించుకున్నాడు. 1871లో తెల్లోళ్ళు దానికి చట్టం కూడా చేసినారు.

పదాల పిచ్చి (సోమవారం, సాయంత్రం 5:45)

అణాలు అనగానే నాకు ఆ పేజీ వయసు లెక్కకడదామని అనిపించింది. నయాపైసలు 1957 ఏప్రిల్‌లో వచ్చాయి. జనం తర్వాత కూడా అణాలనే అన్నారనుకోండి. ముసర సూదులు అన్నారు, అది ఏ రోగం డాక్టర్ గారూ?

పాత స్టెతస్కోపు (సోమవారం, రాత్రి 9:50)

ఆ మాట మొదటి పోస్టులో చూసిన దగ్గర్నుంచి దాని గురించే ఆలోచిస్తున్నాను, అందుకే ఆఖరికి వదిలాను. ముసర అంటే రిండర్‌పెస్ట్. ఆ పేరు జర్మన్‌ది, పశువుల మహమ్మారి అని. నోట్లో పుండ్లు, ఆగని పారుడు, వారం పది రోజుల్లో దొడ్డి ఖాళీ. ఒక ఊళ్ళోకి వస్తే దున్నడానికి ఎద్దు మిగిలేది కాదు. దీని మీద పనికే ప్రత్యేకంగా ప్రభుత్వం 1890లలో ముక్తేశ్వర్ కొండ మీద ప్రయోగశాల పెట్టింది, 1897లో క్షయ సూక్ష్మజీవిని కనిపెట్టిన రాబర్ట్ కాక్ అంతటివాడు అక్కడికి వచ్చి వెళ్ళాడు. దేశమంతా టీకాలు వేసి దీన్ని తుడిచేద్దామన్న కార్యక్రమం 1954లో మొదలైంది. మీ అణాల లెక్కకి ఇది సరిపోతోంది, ఆ పేజీ 1954కీ 57కీ మధ్యది అయ్యుండొచ్చు.

నేను చేరిన మొదటి ఏడాదంతా ఈ సూదులే వేశాను. ఐస్ పెట్టిన ఫ్లాస్కు, సైకిలు, తెల్లవారకముందే బయల్దేరాలి, ఎందుకంటే ఎండెక్కితే మందు పాడైపోతుంది, పైగా పశువులు మేతకి వెళ్ళిపోతాయి. మన దేశంలో ఆఖరి కేసు 1995. 2011లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. మనుషుల్లో మశూచి పోయాక పూర్తిగా పోయిన రెండో రోగం ఇది. కరీంనగర్ అమ్మాయి పుట్టేనాటికే ఇక్కడ లేదు. ఏమ్మా, ముసర అనే మాట ఎప్పుడైనా విన్నావా?

కరీంనగర్ పిల్ల (సోమవారం, రాత్రి 10:05)

లేదు సార్. రిండర్‌పెస్ట్ ఒక మార్కు ప్రశ్న మాకు. ఏ సంవత్సరంలో నిర్మూలించారు, అంతే. ముసర ఇప్పుడే వింటున్న.

పాత స్టెతస్కోపు (సోమవారం, రాత్రి 10:08)

వినకపోవడమే మంచిదమ్మా.

గజపతినగరం కుర్రాడు (మంగళవారం, ఉదయం 8:15)

మొత్తం ప్రింట్ తీసి అత్త దగ్గరికి వెళ్ళాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. ఎగచేపు దగ్గర ఆగి, చిన్నప్పుడు మా ఇంట్లో అలాంటి ఆవు ఉండేది, మీ నాన్నమ్మ తప్ప ఎవరు కూర్చున్నా తన్నేది అని తనే గుర్తు చేసుకుంది. వట్టిది కూడా ఒప్పుకుంది. అమ్మకి ఫోన్ చేసి మాట్లాడింది కూడా. హమ్మయ్య అనుకుని లేచేలోపు అడిగింది:

"సరేలేరా, అవి ఆవులే. మరి ఆ నాలుగు పళ్ళదాన్ని ఎవరికి అమ్మారు, ఆ డబ్బేదీ?"

అన్నయ్యకి_దువ్వెన (మంగళవారం, ఉదయం 8:19)

😭😭😭 కొత్త థ్రెడ్ తెరవండి ఎవరైనా